ఎన్ని చేశారని అడగాలి

ముందు వరసలో కూర్చున్న ఆరు తలల్లో నాలుగింటిని ఎవరో తొందరపడి కత్తిరించారు. ఎడమ చివర మనిషికి మెడ మీద గీత వంకరపోయింది. అతని పక్కన నెరిసిన జుట్టాయనకు చెవుల వెనక కత్తెర ఆడనే లేదు, కత్తిరించినవాడికి అక్కడికొచ్చేసరికి ఓపిక అయిపోయి ఉంటుంది, లేదా వాడికీ చెయ్యి తిమ్మిరెక్కి ఉంటుంది అనుకుంది ఆమె, అనుకుని, లోకంలో ప్రతి తలలోనూ తన చెయ్యే కనబడుతోందేమిటని విసుక్కుంది. గోడ మీద ఎర్ర అంకె తొమ్మిది దగ్గర ఆగి ఉంది. తన చీటీ మీద పద్నాలుగు. ఒక్కొక్కరికి పది నిమిషాలనుకున్నా ఇంకా యాభై, లోపలికెళ్ళినవాళ్ళు తమ కథ మొదట్నించీ చెప్పుకుంటే గంట. ఆ గంటలో ఒక్క వాక్యం కంఠతా పట్టాలి. ఎన్ని చేశారండీ? ఊహూఁ, ఇటుకలు పేర్చేవాణ్ణి అడిగినట్టుంది. ఇలాంటి ఆపరేషన్లు తమరు ఇంతవరకు ఎన్ని చేశారో తెలుసుకోగోరుతున్నాను. ఇది బడిలో సెలవు కోసం రాసిన అర్జీలా ఉంది. ఎక్కువే చేసి ఉంటారు కదండీ? ఇలా అడిగితే ఎవరైనా ఔననే అంటారు. ఒళ్ళో కుడిచెయ్యి పడుకుని ఉంది. చిటికెన వేలూ దాని పక్క వేలూ పొద్దుట్నించీ మొద్దుగానే ఉన్నాయి. ఎవరో తమ చెయ్యి తెచ్చి తన ఒళ్ళో పెట్టి, కాస్త చూస్తూ ఉండు, ఇప్పుడే వస్తాను అని వెళ్ళిపోయినట్టుంది, వాళ్ళు పది నెలలైనా రాలేదు.

"ఏం గొణుగుతున్నావే?" అంది పక్కనున్న వదిన.

"ఏం లేదు."

"నువ్వేం దిగులు పెట్టుకోకు. లోపల నేను నోరు మెదపను, సరేనా? ఇదిగో, తాళం వేసేశాను, తాళంచెవి నీ దగ్గరే పెట్టుకో." పెదాల దగ్గర వేళ్ళు తిప్పి, లేని తాళంచెవిని ఆమె ఒళ్ళో పడేసి, ఆ ఊపులోనే వదిన ఎదుటి వరస వైపు వంగింది. "మీకేం వచ్చిందమ్మా పాపం, గుండెనా, ఊపిరా?"

అన్న పెళ్ళి చేసుకుని వదినని తెచ్చేనాటికి ఆమెకు పదకొండేళ్ళు. అప్పట్నించీ ఎవరేం అడిగినా జవాబు వదినదే. పేరేంటమ్మా అంటే పేరు, ఏ తరగతంటే తరగతి, కూర బాగుందా అంటే బాగుందని. ఆడపడుచు నోట్లో నాలుక లేనిదని జాలి తప్ప అందులో ఇంకేమీ లేదు, జ్వరమొస్తే తల దగ్గర కూర్చున్నదీ వదినే, పట్నంలో పార్లర్‌కి తీసుకెళ్ళి పని నేర్పించమని అడిగినదీ వదినే. అక్కడ ఆమె మాట్లాడకపోవడమే కలిసొచ్చింది. జుట్టు కత్తిరించేవాళ్ళంతా కత్తెరకంటే ముందు నోరు ఆడిస్తారు, అది భరించలేనివాళ్ళు తలుపు తోసుకుని వచ్చి, ఇవాళ మాట్లాడని అమ్మాయి ఉందా, అని అడిగేవాళ్ళు, ఉంటే కూర్చునేవాళ్ళు, లేకపోతే రేపు వస్తామని వెళ్ళిపోయేవాళ్ళు. పదేళ్ళు. ఆ పదేళ్ళూ పొద్దున్నించి సాయంత్రం దాకా రెండు చేతులూ భుజాలకు పైనే. ఎడమచేత్తో పాయ పట్టుకుని, కుడిచేత్తో కత్తెర, ఆ తర్వాత జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్, అదైతే తల చుట్టూ గాల్లో తిప్పుతూ అరగంట. చేతులు పైకెత్తి నిలబడటమే తన ఉద్యోగం అని అప్పుడెప్పుడూ తోచలేదు, ఊపిరి తీసుకోవడం ఉద్యోగమని ఎవరికి తోస్తుంది.

మొదట కుర్చీ దిగింది. ఎందుకు దించుతోందో తనకే తెలియకుండా కాలితో మీట నొక్కి, వచ్చినవాళ్ళని కాస్త కాస్త కిందికి దించేది. అలా అయితే మోచేతులు తక్కువ లేపితే చాలు. నెల తిరిగేసరికి కుర్చీ అడుగంటింది. పదేళ్ళుగా తన దగ్గరే కత్తిరించుకునే లెక్కల టీచరమ్మ అద్దంలో తన గడ్డం మాత్రమే కనబడుతుంటే, "అమ్మాయ్, నన్ను పాతాళానికి పంపిస్తున్నావా ఏంటి? ఇంకాస్త దిగితే పై నుంచి తాడు వెయ్యాలి" అంది. పార్లరంతా నవ్వింది, ఆమె కూడా నవ్వింది, నవ్వుతూనే ఆవిడ చెవి దగ్గర కత్తెర ఆడిస్తుంటే వేళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు. రక్తం ఎంతో రాలేదు, చెవి అంచున కందిగింజంత. టీచరమ్మ చేతిరుమాలు అద్దుకుని ఏమీ కాలేదులే అంది, కానీ మళ్ళీ నెల వచ్చి, మాట్లాడే అమ్మాయి దగ్గర కూర్చుంది. పార్లర్ నడిపే అక్క క్యాలెండర్ వైపు చూసి, నెలాఖరుదాకా చూస్తానమ్మా, ఆ తర్వాత ఆ కుర్చీ దగ్గర ఎవరో ఒకరు నిలబడాలి కదా అని మొన్న అంది. నిలబడాలి. తప్పేముంది.

పది. నెరిసిన జుట్టాయన లేచాడు. నడుస్తుంటే మెడ వెనక వదిలేసిన వెంట్రుకలు కాలర్‌లోకి దూరుతున్నాయి. అయ్యా, ఒక్క నిమిషం ఆగండి, నా దగ్గర చిన్న కత్తెర ఉంది అని లేవాలనిపించింది. లేచి ఏం చేస్తుంది, చెయ్యి ఎత్తగలదా.

ఎముకల డాక్టరు మెడలో అరుగుదల అన్నాడు. పట్టీ ఇచ్చాడు, పట్టీ పెట్టుకుంటే వదిన, మెడలో గంట ఒక్కటే తక్కువ అంది. నరాల డాక్టరు వేళ్ళకి కరెంటు పెట్టి చూసి మోచేయి అన్నాడు. చేతుల సర్జను మోచేతి దగ్గర నరం నొక్కుకుపోయిందని కోసి, దాన్ని పక్కకి జరిపి కుట్టేశాడు. బాగా కుట్టాడు, సన్నటి గీత, కుట్టుపనిలో వంక పెట్టడానికి లేదు. ఆరువారాలయ్యాక కత్తెర పట్టుకుని చెయ్యెత్తితే మళ్ళీ అదే, అరచెయ్యి పాలిపోయి, వేళ్ళు మొద్దుబారి, భుజంలోంచి ఎవరో తీగ లాగుతున్నట్టు. ముగ్గురు డాక్టర్లలో ఒక్కరి తప్పూ లేదని, ఉంటే తనదేనని ఆమెకు ఆ తర్వాత తెలిసింది. ముగ్గురి ముందూ ఎలా కూర్చుంది? బడిలో నేర్పినట్టు. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు చేతులు ఊపకూడదు, ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టుకుని కుదురుగా కూర్చోవాలని ఊళ్ళో బడిలో పంతులమ్మ బెత్తం పుచ్చుకుని నేర్పింది, ఆ కుదురు ఎముకల్లో దిగిపోయింది. చేతులు ఒళ్ళో ఉన్నప్పుడు జబ్బు లేదు. జబ్బు లేని చేతిని ముగ్గురూ తిప్పి తిప్పి చూశారు. వదిన పక్కనుంచి, వేళ్ళు తిమ్మిరి డాక్టరుగారూ, రాత్రీ పగలూ తిమ్మిరే, మొన్న గ్లాసు కూడా వదిలేసింది అని చెబుతూనే ఉంది. వాళ్ళు వేళ్ళ దగ్గర్నించి వెతుక్కుంటూ పైకి వచ్చారు, మోచేయి దాకా వచ్చి ఆగిపోయారు. చెయ్యెత్తితే వస్తుందండీ అని నాలుగు మాటలు అని ఉంటే ఈ గీత పడేదా. మోచేతి మీద గీతని ఎడమ బొటనవేలితో రుద్దింది. కందలేదు, నొప్పీ లేదు, ఊరికే ఉంది.

పదకొండు.

ఆ ముడి విప్పింది డాక్టరు కాదు, ఆపరేషన్ తర్వాత మోచేతికి వ్యాయామం చేయించడానికి పెట్టిన ఫిజియోథెరపీ అమ్మాయి. ఇరవై నాలుగేళ్ళుంటాయేమో, ముంగురులు తనే కత్తిరించుకుంటుందని చూడగానే తెలిసింది. ఏదో తట్టి, అక్కా, మీరు పనిలో ఎలా నిలబడతారో ఒకసారి నిలబడండి అంది. ఆమె నిలబడింది, లేని తలకి, లేని జుట్టుకి, చేతులెత్తి. ఆ పిల్ల వెనకనుంచి మణికట్టు మీద వేళ్ళేసి, తల అటు తిప్పి ఊపిరి బాగా పీల్చండి అంది, పీల్చింది, మళ్ళీ పీల్చమంది, తర్వాత మెల్లగా, అక్కా, మీ నాడి నాకు అందడం లేదు అంది. మనిషి నిలబడి ఉండగానే నాడి లేదంటే ఎలా ఉంటుంది. నవ్వాలో భయపడాలో తెలియలేదు. మెడకీ భుజానికీ మధ్య, కాలర్ ఎముకకీ మొదటి పక్కటెముకకీ నడుమ ఒక ఇరుకు దారి ఉంటుందట, చేతికి పోయే నరాలూ రక్తనాళాలూ అన్నీ అందులోంచే దూరి పోవాలట, తనకి ఆ దారి చెయ్యెత్తినప్పుడల్లా మూసుకుపోతోందట. దాన్ని థొరాసిక్ ఔట్‌లెట్ సిండ్రోమ్ అంటారని కాగితం మీద రాసిచ్చింది. వదిన ఆ కాగితం దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చదివి, "నా నోరు తిరగదు గానీ, సందు జబ్బు అందాం" అని తేల్చేసింది. ఇంట్లో అందరికీ అదే పేరైపోయింది. నాలుగు నెలలు వ్యాయామాలు. భుజం నొప్పి కొంత తగ్గింది గానీ బొటనవేలి కింద కండ కరగడం ఆగలేదు. అక్కడ చిన్న గుంట పడింది. చీకట్లో కూడా వేలితో తడిమి కొలుచుకోవడం అలవాటైంది, నిన్నటికంటే లోతైందా, లేదా. ఇంకా ఆగితే ఆ కండ తిరిగి రాదని, మొదటి పక్కటెముక తీసేసి దారి వెడల్పు చెయ్యాలని నరాల డాక్టరు అన్నాడు. తీసే సర్జన్లు చాలామంది ఉంటారక్కా, తరచూ తీసేవాళ్ళు తక్కువ, ఊపిరితిత్తి పక్కనే, చేతి నరాల పక్కనే చెయ్యాల్సిన పని, కాబట్టి ఎన్ని చేశారని అడగండి, సిగ్గుపడకుండా అడగండి, అంది ముంగురుల పిల్ల. సిగ్గుపడకుండా. చెప్పడం తేలికే.

వెతుకులాట అక్కడ మొదలైంది, కాళ్ళరిగిపోయాయి. మొదటి సర్జను ఎక్స్‌రే ఫిల్ములు వెలుతురుకి కూడా పెట్టకుండా, ఈ జబ్బు పుస్తకాల్లో ఎక్కువ, మనుషుల్లో తక్కువ అన్నాడు, నిద్ర పడుతోందా, ఇంట్లో అంతా సఖ్యంగా ఉంటారా అని అడిగాడు. అడిగిన తీరుకి వదినకి ఒళ్ళు మండింది, "మా ఇంట్లో సఖ్యం మాకు సరిపోను ఉందండీ, మీకేమైనా కావాలంటే పంపుతాం" అనేసి ఫైలు లాక్కుని బయటికొచ్చింది. రెండో ఆయన వెన్నముద్ద. లేచి నిలబడి ఆహ్వానించాడు, కుర్చీ జరిపాడు, వచ్చే మంగళవారం చేసేద్దాం అన్నాడు. అప్పుడు ఆమె అడిగింది, అడిగిందంటే గొంతులోంచి సగం బయటికొచ్చింది, ఎన్ని... అని. ఆయన నవ్వాడు. ఎన్నా? అమ్మా, నేను రోజూ ఛాతీలోనే కాపురం. లెక్క పెట్టుకునేవాడు కొత్తవాడు, పాతవాడు లెక్క మరిచిపోతాడు. ఎంత బాగా అన్నాడో. వదిన మురిసిపోయింది. ఆమెకు కూడా సరే అనేయాలనిపించింది, అలసటకి ఎవరు ఒడి చూపిస్తే అక్కడ తలపెట్టేయాలనిపిస్తుంది. బస్సులో తిరిగి వస్తుంటే, ముందు సీట్లో ఎవరిదో నడుము దాటిన జడ ఊగుతోంది, ఆ జడని చూస్తుంటే ఇంకో జడ గుర్తొచ్చింది.

అలాంటి జడే. పార్లర్‌లో చేరిన మూడో రోజు. భుజాల దాకా కత్తిరించమని వచ్చి కూర్చుంది ఒకావిడ, ఇంకెవరూ ఖాళీగా లేరు. ఎన్నాళ్ళుగా చేస్తున్నావమ్మా అని అద్దంలోంచి అడిగింది. పార్లర్ అక్క ముందే నేర్పి పెట్టింది, ఎవరడిగినా మూడేళ్ళను, కూర్చున్న మనిషి భయపడితే తల కదులుతుంది, తల కదిలితే చెవి తెగుతుంది, కాబట్టి ఇది అబద్ధం కాదు, జాగ్రత్త. మూడేళ్ళండీ అంది ఆమె. ఎంత నున్నగా వచ్చింది ఆ మాట, తడుముకోలేదు, కళ్ళు వాల్చలేదు, మాట్లాడని పిల్ల జీవితంలో చెప్పిన మొదటి నిండు వాక్యం అదేనేమో. ఒకవైపు ఎక్కువ తెగింది. దాన్ని సరిచెయ్యడానికి రెండోవైపు, రెండోదాన్ని సరిచెయ్యడానికి మొదటివైపు, చివరికి చెవుల దాకా వచ్చి ఆగింది. ఆవిడ తిట్టలేదు. నేల మీది జుట్టుని చూసింది, కొంచెం ఏరి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. జుట్టైతే పెరుగుతుంది. పక్కటెముక పెరగకూడదట, పెరిగితే మళ్ళీ అదే బాధట. మంగళవారానికి రామని వదిన చేత ఫోన్ చేయించింది. అడిగితే ఏం లాభం, ఎవరేం చెప్పినా నమ్మేదెలా, నున్నగా చెప్పేవాళ్ళని తను నమ్మలేదు, తడుముకునేవాళ్ళ చేతిలో తనని పెట్టుకోలేదు. ఇక మధ్యలో ఎవరున్నారు.

పన్నెండు. నోరు ఎండిపోతోంది. మూలనున్న నీళ్ళ సీసా దాకా వెళ్ళొస్తే తన అంకె వచ్చేస్తుందేమోనని లేవలేదు, ఇంకా ఇద్దరున్నారని తెలుసు, అయినా లేవలేదు.

ఈ పెద్ద సర్జను సంగతి చెప్పింది గోడలకి రంగులు వేసే అతను. ముంగురుల పిల్లే, మా దగ్గరికి వచ్చేవాడక్కా, కుడివైపు ఎముక తీయించుకున్నాడు, వెళ్ళి చూడండి అని చిరునామా ఇచ్చింది. వెళ్ళేసరికి అతను ఏదో పెద్ద హాల్లో పలకల మంచె మీద నిలబడి పైకప్పుకి తెల్లరంగు వేస్తున్నాడు. రెండు చేతులూ నెత్తికి పైన. మెడ నొప్పెట్టేదాకా చూసింది, దించడేం, ఇంకా దించడేం అని, ఆకలిగా ఉన్నవాళ్ళు ఇంకొకరి విస్తరి వైపు చూసినట్టు. తర్వాత దిగి వచ్చి, చేతులు తుడుచుకుని, చొక్కా పక్కకి లాగి చంకలో నాలుగు వేళ్ళంత గీత చూపించాడు. "ఇక్కణ్ణించి లాగేశారమ్మా. సీసాలో పెట్టి ఇస్తారేమో, పిల్లలకి చూపిద్దామనుకున్నా. ఇవ్వలేదు" అన్నాడు. ఎన్నాళ్ళయిందని వదిన అడిగింది, మూడేళ్ళన్నాడు. పెద్దాయన ఎలాంటివాడని ఆమె అడిగింది, అవును, తనే అడిగింది. అతను ఆలోచించి, అడిగితే చెప్తాడు, అడక్కపోతే గోడ అన్నాడు. అతని జుట్టునిండా తెల్లచుక్కలు. పది నెలల్లో మొదటిసారి కాస్త నమ్మకం కలిగింది, ఆ నమ్మకాన్ని నిద్రపోతున్న పసిబిడ్డలా కదపకుండా ఇక్కడిదాకా మోసుకొచ్చింది. ఇప్పుడు ఈ కుర్చీలో అది కదులుతోంది. లేచి ఏడుస్తుందేమో. ఊపిరితిత్తికి చిల్లు పడితే. చేతి నరం తెగితే. మెలకువొచ్చాక చెయ్యి ఉండి కూడా లేకపోతే, ఎడమచేత్తో దాన్ని ఎత్తి పక్కన పెట్టుకోవాల్సి వస్తే. చేయించుకోకపోతే ఈ గుంట రోజూ ఇంత, రోజూ ఇంత. ముందు నుయ్యి వెనక గొయ్యి అని పెద్దవాళ్ళు అన్నప్పుడు రెంటి మధ్యా నిలబడటానికి కాస్త చోటుందని కూడా అన్నట్టే కదా. ఆ చోటు నెలాఖరు దాకే.

పదమూడు. పదమూడు చాలాసేపు ఉంది. పద్నాలుగు.

గదిలో ఇద్దరున్నారు. కిటికీ పక్క స్టూలు మీద పెద్దాయన, పలచటి తెల్లజుట్టు, ఇంట్లో ఎవరో కత్తిరించినది. బల్ల వెనక అసలు కుర్చీలో ముప్పై అయిదేళ్ళావిడ, జుట్టు మెడ మీదికి బిగించి ముడేసుకుంది. వదిన ఫైలు పట్టుకుని సరాసరి పెద్దాయన వైపు నడిచింది. ఆయన బల్ల వైపు చెయ్యి చూపించాడు. ఆవిడ ఫైలు విప్పలేదు, ముందు మోచేతి మీది గీత చూసింది.

"ఇదెందుకు చేశారు?"

వదిన నోరు తెరిచింది, గుర్తొచ్చి మూసింది. ఇక జవాబు ఎవరో ఒకరు చెప్పాలి.

"నేను చెయ్యెత్తలేదండీ" అంది ఆమె. ఆవిడ కనుబొమలు లేచాయి. "డాక్టర్ల ముందు ఎప్పుడూ చేతులు ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. కిందున్నప్పుడు నాకేం ఉండదు. ఎత్తితేనే."

ఆవిడ నవ్వలేదు. "అయితే ఇప్పుడు ఎత్తండి. మోచేతులు భుజాల దాకా లేపి, అరచేతులు నా వైపు. గుప్పిళ్ళు మూసి తెరవండి, మూడు నిమిషాలు. ఆపాలనిపించినప్పుడు ఆపేయండి" అంది. మూడు నిమిషాలు. పదేళ్ళపాటు రోజుకి పదిగంటలు ఎత్తిన చేతులు, వాటికి మూడు నిమిషాలో లెక్కా అనిపించింది. మూసింది, తెరిచింది. మూసింది, తెరిచింది. ఎడమచెయ్యి ఆటలా ఆడుతోంది. కుడిచెయ్యి బరువెక్కింది, తడిసిన తువ్వాలు మోస్తున్నట్టు, నీళ్ళ బిందె మోస్తున్నట్టు, ఎదుటి గోడ మీద గడియారం ముల్లు నత్తలా పాకుతోంది, నిమిషం కూడా కాలేదు, ఆపేస్తే ఏమీ లేదంటారేమో, ఇంట్లో సఖ్యమా అంటారేమో, ఆపకూడదు, వేళ్ళు మూసుకున్నాయో లేదో తెలియడం లేదు, చూసి తెలుసుకోవాల్సి వస్తోంది, తీగ లాగుతోంది, చెవి కింద నించి చిటికెన వేలి దాకా ఒకటే తీగ, నిమిషం పది, నిమిషం ఇరవై, టీచరమ్మ చెవి మీద కందిగింజ, నిమిషం ముప్పై, ఇంక తను దించలేదు, చెయ్యే దిగిపోయింది, తెగిన కొమ్మలా వచ్చి తొడ మీద పడింది. వదిన చటుక్కున దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుంది. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, గోళ్ళు నీలంగా.

"ఇదేంటే ఇంత చల్లగా ఉంది," అంది వదిన, గొంతు మారిపోయింది. "ఇన్నాళ్ళూ ఇలాగే అవుతోందా? నేను తిమ్మిరనే చెప్పానే అందరికీ." ఆ తర్వాత వదిన నిజంగానే మాట్లాడలేదు.

ఆవిడ ఫిల్ములు వెలుతురుకి పెట్టి చూసింది, పెద్దాయన లేచి వచ్చి ముక్కు ఆనించినంత దగ్గరగా చూశాడు, ఇద్దరూ తలలూపారు. ఎముక తియ్యాలి, రెండు నెలలకి మించి ఆగొద్దు అంది ఆవిడ. ఇప్పుడు. ఇప్పుడు కాకపోతే తలుపు దాటాక ఎప్పుడు. కంఠతా పట్టిన వాక్యాలన్నీ ఎగిరిపోయాయి, పెద్దాయన వైపు తిరిగి, ఇటుకలు పేర్చేవాణ్ణి అడిగినట్టే అడిగింది. "ఎన్ని చేశారండీ?"

"నేనైతే రెండు వందల ముప్పై దాకా," అన్నాడాయన. ఒళ్ళంతా తేలికైపోయింది, ఒక్క క్షణం. "కానీ ఇప్పుడు చెయ్యడం లేదు. రెండేళ్ళయింది. ఒక కన్ను పోయింది, రెండోది పోనా వద్దా అని చూస్తోంది. చేసేది ఈమె. నేను ఎదురుగా నిలబడతాను."

నేల దిగిపోయింది. ఇంత దూరం, ఇంతమందిని దాటుకుని, మళ్ళీ కుర్చీ అడుగంటింది. ఆవిడ వైపు తల తిప్పడానికి కూడా మొహమాటంగా ఉంది, ఎదురుగానే ఉన్న మనిషిని వదిలేసి వెనకున్న మనిషిని అడిగినందుకు. ఆవిడే చెప్పింది.

"నేను పందొమ్మిది. పదహారు మంది పనుల్లోకి వెళ్ళిపోయారు. ముగ్గురికి తగ్గలేదు."

పదహారు మందిలో ఎవరితోనైనా మాట్లాడొచ్చా అని అడగాలనుకుంది. రంగులు వేసే అతనిలా చొక్కా పక్కకి లాగి చూపించేవాళ్ళు, నవ్వించేవాళ్ళు. నోరు తెరిస్తే ఇంకో మాట వచ్చింది.

"తగ్గనివాళ్ళతో మాట్లాడొచ్చాండీ?"

పెద్దాయన ఉన్న ఒక్క కన్నూ ఆమె వైపు తిప్పాడు. ఆవిడ కాసేపు కలం మూత పెట్టి తీసి పెట్టింది. "ఒకావిడ మాట్లాడతారేమో. ముందు ఆవిణ్ణి అడగాలి" అని కిటికీ దగ్గరికెళ్ళి, అటు తిరిగి, తక్కువ గొంతుతో ఫోన్‌లో ఏదో అడిగింది, విన్నది, మళ్ళీ అడిగింది. తిరిగి వచ్చి ఫోన్ ఆమె ఎడమచేతిలో పెట్టి, "వసారాలోకి వెళ్ళి మాట్లాడండి. నేను వినకూడదు" అంది.

వసారాలో పొడుగాటి బల్ల, చివర ఖాళీ స్ట్రెచర్. గోడకి ఆనుకుంది.

"నాకు ధైర్యం చెప్పకండి," అంది, పలకరింపు కూడా లేకుండా. "ఏం జరిగిందో చెప్పండి, చాలు."

అవతల చిన్న నవ్వు. "ధైర్యమా? నా దగ్గరుంటే కదమ్మా నీకిచ్చేది." నడివయసు గొంతు, వెనక ఏవో గిన్నెల చప్పుడు. ఆవిడది తపాలా ఆఫీసులో ఉత్తరాలు విడదీసి అరల్లో పెట్టే పని, పైఅరలు తలకంటే ఎత్తు. ఎముక తీశాక ఆరువారాలు బాగుంది, ఏడోవారం నొప్పి తిరిగొచ్చింది. చంక కింద అరచేయంత మేర స్పర్శ లేదు, ఇప్పటికీ లేదు. చెయ్యి భుజం దాటి లేవదు. కిటికీ దగ్గర స్టాంపులమ్మే పనికి మార్చారు. "కోపం రాలేదా?" అని ఆమె అడిగింది. "రాకేం. ఆ డాక్టరమ్మ ఫోన్ చేస్తే ఎత్తడం మానేశాను. చేసి చేసి, ఒకరోజు ఇంటికే వచ్చేసింది. ఇంట్లో ఎక్కడ చూసినా ఆరేసిన బట్టలు, కూర్చోడానికి చోటు లేదు, నేను చూపించనూ లేదు. నేల మీదే కూర్చుంది. ఒక్కో వేలూ పట్టుకుని ఇక్కడా ఇక్కడా అని గంటసేపు అడిగి రాసుకుంది. మళ్ళీ ఫోటోలు తీయించింది. తీయించి నా మొహం మీదే చెప్పింది, వెనకవైపు ఎముక ముక్క కాస్త ఎక్కువ మిగిల్చాను, తప్పు నాదేనని. ఆ మాటకి నాకింకా మండింది. తప్పు నీదైతే చెయ్యి నాది కదా అన్నాను. అనిపించుకుంది." గిన్నెల చప్పుడు ఆగింది. "నా తర్వాత చేసినవాళ్ళకి అలా మిగల్చలేదట. అది నాకేం పనికొస్తుంది? నీకు పనికొస్తుందేమో."

"మళ్ళీ చేయించుకుంటారా?"

"చేస్తానంటోంది. నేనింకా ఒప్పుకోలేదు. భయం. రోజూ ఒప్పుకుంటాను, రోజూ మానేస్తాను." కొంచెం ఆగి, "ఒప్పుకుంటే మాత్రం ఆవిడకే" అంది అవతలి గొంతు, ఎవరో పిలిచినట్టున్నారు, ఉంటానమ్మా అని పెట్టేసింది.

ఫోన్ వెచ్చగా ఉంది. గోడకి ఆనుకుని ఇంకాసేపు నిలబడింది. భయం ఎక్కడికీ పోలేదు, పైగా ఇప్పుడు దానికి ఒక ఇల్లూ, ఆరేసిన బట్టలూ, గిన్నెలూ వచ్చాయి. చంక కింద అరచేయంత మేర అంటే ఎంతుంటుందోనని చీర మీదుగా ఎడమ అరచెయ్యి పెట్టి చూసుకుంది. నేల మీద కూర్చున్న మనిషిని చూడాలనిపించింది. లోపలికి నడిచింది.

"ఆవిడ చెప్పారు," అంది ఫోన్ బల్ల మీద పెడుతూ. "వెనక ముక్క సంగతి."

డాక్టరమ్మ మొహం కంది, కళ్ళు దించుకుంది, ఒక్క క్షణమే. కాగితం లాక్కుని మెడ, భుజం, ఎముక గబగబా గీసింది, వెనకవైపు వెన్ను దగ్గర ఒక అడ్డగీత పెట్టింది. "అప్పుడు ఇక్కడ ఆగాను." కలం ఇంకా వెనక్కి, నరం గీతని తాకేంత దగ్గరికి జరిపి ఇంకో అడ్డగీత పెట్టింది. "ఇప్పుడు ఇక్కడిదాకా వెళ్తున్నాను. ఇక్కడ ఈయన ఎదురుగా లేకుండా వెళ్ళను." రెండు గీతల మధ్య దూరం గోరంత కూడా లేదు. ఆ గోరంత దూరాన్ని ఆమె చాలాసేపు చూసింది, కాగితం మీద గోరంత, ఒంట్లో ఎంతో.

"తేదీ చెప్పండి," అంది.

ఆవిడ పుస్తకం తిప్పి, పదిహేడో తారీకు గురువారం పొద్దున అంది, రాసుకుంది, రెండు కాగితాల మీద సంతకాలు కావాలంది. వదిన కళ్ళు తుడుచుకుని ఫైలు సర్దుకోవడం మొదలుపెట్టింది. బయట ఇంకా పాతికమంది ఉన్నారు.

"ఇంకేమైనా అడగాలా?" అంది సర్జన్, మర్యాదకి, అప్పటికే తర్వాతివాళ్ళని పిలిచే గంట మీద చెయ్యి వేస్తూ.

"ఉన్నాయండీ," అని ఆమె కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుంది.